చెన్ని చెంబుకు మళ్లీ సొట్ట పడిన రోజు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తానని చెబితే మా మార్కాపురంలో ఎవరైనా ముందు అనే మాట, “మంచిదే, మరి పనేం చేస్తావు?” అని. పెళ్లిచూపుల్లో మా ఆయన కూడా ఇదే అడిగాడు. పెళ్లయిన చాలా ఏళ్లకు, నేను పొద్దంతా కూర్చుని ఒక చీపురుకట్ట గీయడం చూసి మళ్లీ అడిగాడు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఏ పనీ లేదని ధైర్యంగా చెప్పొచ్చు. ఇప్పుడేమో ఎవరూ అడగడం లేదు.

మా ప్రెస్సులో నా కుర్చీలోకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. కంప్యూటర్ మీద గీస్తారు. నాకంటే బాగా గీస్తారు, తొందరగా కూడా గీస్తారు. ఈ రెండు సంగతులూ వాళ్లతో అనకండి, నెత్తికెక్కుతారు. “అక్కా, ఈ పని గురించి ఏమైనా రాసియ్యి” అన్నారు. రంగులు కలపడం గురించి రాస్తే వాళ్లకు అక్కర్లేదు. అందుకని ఆ మిగతాది రాస్తున్నాను.

సారు, ఆయన మెరుపు

మా ప్రెస్సు వెంకటసుబ్బయ్య సారుది. కింద ప్రెస్సు, పైన వాళ్ల ఇల్లు. నేను చేరినప్పుడు శుభలేఖలు, క్యాలెండర్లు, పలకల పెట్టెల మీద అంటించే లేబుళ్లు వేసేవాళ్లు. ఆ లేబుళ్ల మీద చిలకను గీసింది నేనే. ఆ చిలక మన పలకలతో పాటు ఎన్నో ఊళ్లు తిరిగింది, నేను మాత్రం అదే స్టూలు మీద ఉన్నాను.

తర్వాత బడి లైబ్రరీలకు పుస్తకాలు కావాలని ఎవరో అడిగితే సారు పిల్లల పుస్తకాల్లోకి దిగాడు. ఆ వరసకు “ఇది నాది” అని పేరు పెట్టాడు. ఒక్కో పుస్తకంలో ఒక పిల్ల, ఆ పిల్ల ప్రాణంగా చూసుకునే ఒక వస్తువు. కల్పించిన పిల్లలు కాదు, మన చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే. ఈ ఆలోచన సారుదే. ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇక్కడి నుంచి ఆయన్ను తిట్టడమే ఉంటుంది.

సారుకు ప్రతి వస్తువూ మెరవాలి. గంప గీస్తే “కొత్త గంప గీయరాదా?” అనేవాడు. గొడుగు గీస్తే చిరుగు కుట్టేయమనేవాడు. ఇక ప్రతి పుస్తకం చివరి పేజీలో ఒక నీతి ఉండాల్సిందే. నీతి లేని పుస్తకం ఆయన దృష్టిలో ఉప్పు లేని పప్పు. కథలో చీపురు ఉన్నా, చెప్పులున్నా, చివర్లో మాత్రం “పెద్దల మాట వినాలి” అని తేల్చేవాడు. చీపురుకూ పెద్దలకూ సంబంధమేందని అడిగితే మొహం మాడ్చుకునేవాడు.

మూత నాది, గిన్నె మా అన్నది

మా పనిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్ల ఉన్న ఊరికి పోవాలి, ఆ వస్తువు ముందు కూర్చుని గీయాలి. ఫోటో తీసుకొచ్చి గీస్తే వస్తువు వస్తుంది గానీ దాని యజమాని రాదు. అందుకని కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను. ఆటోలో ఎరువుల బస్తాల మీద కూర్చుని పోయి, ఒక పాత డబ్బాను గీసుకుని, మేకల మధ్య కూర్చుని తిరిగొచ్చేదాన్ని.

కురిచేడులో ఒక పాప దగ్గర టిఫిన్ గిన్నె మూత ఉండేది. గిన్నె ఏదమ్మా అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసింది. “గిన్నె మా అన్నది. మూత నాది.” నేను తెలివిమీరి, బొమ్మ నిండుగా ఉంటుందని మూత కింద గిన్నె కూడా గీశాను. ఆ పాప బొమ్మ చూసి వాళ్లన్నను పిలిచింది. “నీ గిన్నె వచ్చింది చూడు, తీస్కపో” అని అంత లెక్కగా చెప్పింది. రబ్బరుతో గిన్నె తుడిచేవరకు ఇద్దరూ కదల్లేదు.

తర్లుపాడులో ఒక పిల్లోడి దగ్గర వాళ్ల నాయన పాత టార్చిలైటు. సెల్లులు లేవు, బల్బు లేదు. నేను పసుపు రంగు మీద మోజుతో అందులోంచి వెలుగు వస్తున్నట్లు గీశాను. వాడు అనుమానంగా చూసి, “సెల్లులు ఎవురేసినారు?” అన్నాడు. ఎవరూ వేయలేదని ఒప్పుకుని వెలుగు తీసేశాను. వాడు దాన్ని పగటిపూటే వాడతాడట, ఇంక సెల్లులతో పనేముంది?

కొత్తగా వచ్చే అమ్మాయిలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. “ఇదంటే నీకెందుకు ఇష్టం?” అని పిల్లల్ని అడగొద్దు. టీచరుకు చెప్పినట్లు ఏదో ఒకటి అల్లి చెబుతారు. “దీన్ని ఎవరైనా ముట్టుకుంటే ఏం చేస్తావు?” అని అడగండి. “కొరుకుతా” అన్నారంటే ఆ పుస్తకం నిలబడుతుంది.

చెన్ని పెట్టిన తాకట్టు

రాచర్ల పక్క ఒక పల్లెలో గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ ఇంటి పిల్ల చెన్నమ్మ, అందరికీ చెన్ని. అప్పుడు ఒకటో తరగతి. ఆ పిల్లకు ఒక ఇత్తడి చెంబు ఉండేది. బడికి పోయినా, తాతతో గొర్రెల వెంట పోయినా చంకలో అదే. నీళ్లు దాంట్లోనే తాగుతుంది, గ్లాసులో పోసిస్తే పారబోస్తుంది. ముట్టుకుంటే ఏం చేస్తావని అడిగితే పక్కనున్న పొట్టేలును చూపించింది. దాని పేరు రాజా.

చెంబు మెడ కింద పెద్ద సొట్ట. అది ఎలా పడిందని అడగడం నాదే తప్పు. చెన్ని తాత, “బర్రె తొక్కింది” అన్నాడు. అవ్వ ఓబులమ్మ లోపల్నుంచి, “బర్రె పేరు చెప్తాండావా? కూరలో ఉప్పెక్కువైందని గోడకేసి కొట్టింది ఎవురు? బర్రెనా?” అని అరిచింది. తాత గొర్రెలకు ఆకు వేసే పని గుర్తొచ్చి లేచి వెళ్లిపోయాడు.

సొట్ట గీయడం కష్టం. ఇత్తడి మీద వెలుగు అక్కడ విరుగుతుంది. సాయంత్రానికి పెన్సిలు బొమ్మ అయింది గానీ రంగు కుదరలేదు. ఒక వారం చెంబు నాకిస్తే మార్కాపురంలో పూర్తి చేసి తెస్తానని అడిగాను. చెన్ని చెంబును చంకలోకి జరుపుకుంది.

“నాది తీస్కపోతే నీదొకటి పెట్టిపో.”

“ఏం పెట్టను?”

నా కాళ్ల వైపు చూసింది. చెప్పులు రెండూ విప్పబోయాను. “ఒకటి చాలు” అంది. “ఒకటే ఉంటే నువ్వూ ఏసుకోలేవు, నేనూ ఏసుకోలేను. మళ్లా వస్తావు.”

మన ఊళ్ల బ్యాంకుల్లో ఇంత మంచి మేనేజరు ఉన్నట్లు నేను వినలేదు. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో ఒంటి చెప్పు పట్టుకుని, ఒట్టి కాళ్లతో ఆటో ఎక్కాను.

వదిన మంచితనం

మరుసటి రోజు సారు బొమ్మ చూసి నేను అనుకున్న మాటే అన్నాడు. “ఆ సొట్ట తీసెయ్యి సుశీలమ్మా. చూసేటోళ్లు ఏమనుకుంటారు? గుండ్రంగా, తళతళలాడతా ఉండాల.” చివరి పేజీకి నీతి కూడా రాసిపెట్టాడు: “మన వస్తువులను మెరిసేలా ఉంచుకుందాం.” నేను తీయనన్నాను. ఆయన తీయమన్నాడు. ఈ గొడవ తేలకుండానే నేను గిద్దలూరులో మేనత్త కూతురి పెళ్లికి పోయాను. చెంబు నా బల్ల మీదే ఉంది.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ.

సారు భార్య రమణమ్మ వదిన మెట్లు దిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. అరువు తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదనేది మన ఇళ్లల్లో అందరం పాటించేదే. పక్కింటి గిన్నె తిరిగి పోయేటప్పుడు అందులో రెండు మిరపకాయలైనా వేస్తాం. వదినది ఇంకాస్త పెద్ద చెయ్యి.

“పరాయోళ్ల చెంబు, అట్ల సొట్టతోనే ఎట్ల ఇస్తాం? చింతపండేసి తోమించినా. మన కళాయి మస్తాన్‌ను పిలిచి సొట్ట తీయించి, లోపల కళాయి పూయించినా. పేరు కూడా కొట్టించినా. నిండా సున్నుండలు పెట్టి నిన్ననే ఆటోలో పంపించినా. నీకు తిరుగుడు తప్పింది.”

“వదినా, వాళ్లు నా చెప్పు తిరిగి పంపినారా?” అన్నాను.

“ఏం చెప్పు?” అంది వదిన.

పొట్టేలుతో సహా

రెండో రోజు ప్రెస్సు ముందు ఆటో ఆగింది. ముందు అవ్వ దిగింది, తర్వాత చెన్ని, ఆ తర్వాత రాజా. పొట్టేలును ఎందుకు తెచ్చావంటే, “ఆటో ఎక్కి దిగలేదు తల్లీ, ఈ పిల్లను ఇడిసి ఉండదు” అంది అవ్వ. రాజా లోపలికొచ్చి ఎవరివో శుభలేఖలు రెండు తిన్నది. సారు నోరు తెరిచేలోపే అవ్వ మొదలుపెట్టింది.

“ఏందయ్యా మీరు చేసింది? చెంబు మళ్లా వస్తాదని అన్నాళ్లూ దోసిట్లో తాగింది. ఇది వచ్చినప్పటి నుంచి, మూడు దినాలాయె, పిల్ల సరిగా నీళ్లు ముట్టడంలే. గ్లాసు వద్దంటాది, బాటిలు వద్దంటాది. ఇప్పుడు దోసిట్లో పోసినా రెండు గుక్కలే మింగుతాది. ఈ ఎండల్లో పిల్ల పడిపోతే ఎవురు చూస్తారు? ముందు నీళ్లు పట్టియ్యండి అని ఆస్పత్రి నర్సమ్మ నన్ను తిట్టి పంపింది.”

చెన్ని పెదాలు పగిలి ఉన్నాయి. రెండు చేతులతో నా చెప్పును గుండెకు హత్తుకుని నిలబడింది. నిజంగా భయం వేసింది నాకు. అది ఏప్రిల్. మా పక్క ఏప్రిల్ ఎండలో పెద్దవాళ్లే తూలి పడతారు.

“నా చెంబు ఇయ్యి, నీ చెప్పు ఇస్తా” అంది.

“ఇది నీ చెంబేనే” అని అవ్వ సంచిలోంచి తీసింది. తళతళా మెరుస్తోంది. ఎక్కడా సొట్ట లేదు. పొట్ట మీద చుక్కలు చుక్కలుగా “రమణమ్మ కానుక” అని కొట్టి ఉంది. పెళ్లి సామాన్ల మీద అలాగే కొట్టడం అలవాటై, పేర్లు కొట్టేవాడు ఇక్కడా అలాగే కొట్టాడు. చెన్ని వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. “ర... మ... ణ... మ్మ. చూడు, ఇది రమణమ్మది.”

మెట్ల మీద నిలబడిన వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె అంత ప్రేమగా చేసిన పని అది. సారు ఆమెను చూశాడు, పిల్లను చూశాడు, చొక్కా చేతులు మడిచాడు.

“ఏముంది? తీసిన సొట్ట మళ్లా ఏస్తే సరిపోలా? సుశీలమ్మా, నీ బొమ్మ తీస్కరా.”

తీసెయ్యమని పోరిన సొట్ట బొమ్మను సారే గోడకు అంటించాడు. కళ్లద్దాలు పెట్టుకుని నా బొమ్మను అంత శ్రద్ధగా చూడటం నా ఉద్యోగంలో అదే మొదలు. కళాయి మస్తాన్‌కు కబురు పోయింది. అతను వచ్చి సంగతి విని చేతులెత్తేశాడు. “సొట్టలు తీసేది నా పని సారూ. నేను సొట్ట ఏసినానని బజార్లో తెలిస్తే రేపు నాకు బిందె ఎవురిస్తారు? మీరే ఏసుకోండి. బాగా రాకపోతే తీసేది మాత్రం నేను తీస్తా.”

అలాగే జరిగింది. సారు సుత్తితో కొట్టాడు. మొదటి సొట్ట మరీ లోతు. చెన్ని చెంబు అందుకుని, పట్టుకుని చూసి, “కాదు” అంది. మస్తాన్ తీసేశాడు. రెండోది అడుగున పడింది, చెంబు నిలబడకుండా దొర్లిపోయింది. “కాదు.” మస్తాన్ తీసేశాడు. మూడోది సారు బొటనవేలి మీద పడింది. వదిన పైనుంచి, “కళాయి లేచిపోతాది, మెల్లగా!” అని ఏడుస్తోంది. పై నుంచి పడేస్తే అదే పడుతుందని కంపోజింగ్ చేసే అబ్బాయి సలహా ఇచ్చాడు. మేడ మీదికెక్కి ఒకసారి పడేస్తే కాగితం ముక్కల కుప్పలో పడి చెక్కుచెదరలేదు. ఇంకోసారి పడేస్తే సారు స్కూటర్ మీద పడింది. సొట్ట మంచిగానే పడింది, స్కూటర్‌కు.

నేను మాత్రం చెన్నిని చూస్తున్నాను. ప్రతిసారీ ఆ పిల్ల సొట్టను కంటితో చూడటం లేదు. చెంబు పట్టుకుని, కళ్లు మూసుకుని, తల అడ్డంగా ఊపుతోంది. దగ్గరికి పోయి కూర్చున్నాను.

“ఏం చూస్తాండావే చెన్నీ?”

“ఏలు పెట్టి చూస్తాండా.” బొటనవేలు చూపించింది. “నీళ్లు తాగేటప్పుడు నా ఏలు ఆడ పండుకుంటాది.”

గోడ మీద నా బొమ్మ వైపు చూశాను. సొట్ట అచ్చు దిగినట్లే ఉంది. చెయ్యి లేదు. అంతసేపూ మేమంతా బొమ్మలోని సొట్టనే వేయాలని చూశాం. అందులో పడుకునే వేలు ఎక్కడుంటుందో ఒక్కరమూ ఆ పిల్లను అడగలేదు.

“అయితే ఏడ కావాల్నో నువ్వే చెప్పు” అన్నాను.

చెన్ని చెంబును నోటి దగ్గర పెట్టుకుని, తాగినట్లు పట్టుకుంది. అవ్వ ఆకువక్కల సంచిలోంచి సున్నం తీసి, బొటనవేలు ఆనిన చోట చుక్క పెట్టింది. సారు సుత్తి అందించబోయాడు. చెన్ని తీసుకోలేదు. రాతి గడప దగ్గరికి పోయి, చెంబును రెండు చేతులతో ఎత్తి, సున్నం చుక్క రాతికి తగిలేలా ఒక్కటి కొట్టింది. వేలు పెట్టి చూసింది. ఇంకొకటి కొట్టింది. కళ్లు మూసుకుని చూసింది.

“ఊఁ” అంది. “నీళ్లు.”

వదిన ఏడుపు ఆపేసి, పైనుంచి బిందెతోనే దిగొచ్చింది. చెన్ని ఊపిరి తీసుకోకుండా చెంబెడు నీళ్లూ తాగింది. ఇంకో చెంబు పోస్తే సగం తాగి, మిగిలింది రాజాకు పెట్టింది. అవ్వ గోడకు ఆనుకుని కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. నేనూ ఏడ్చాను. సారు మాత్రం ఏడవలేదు, బొటనవేలు ఊదుకుంటున్నాడు.

“అదే సొట్టేనామ్మా?” అని అడిగాడు ఆశగా.

“కాదు” అంది చెన్ని. “అది మా తాత ఏసింది. ఇది నేనేసింది.” నా చెప్పు నాకిచ్చి, “ఇంద, ఏసుకో” అంది.

చివరి పేజీ

బొమ్మలన్నీ మళ్లీ గీశాను. ఈసారి ప్రతి బొమ్మలో చెయ్యి ఉంది. అప్పటి నుంచి నేను ఏ పిల్ల వస్తువునూ చెయ్యి లేకుండా గీయలేదు. కంప్యూటర్ మీద గీసే అమ్మాయిలూ, మీకు చేతులు గీయడం చిరాకని నాకు తెలుసు. వేళ్లు ఆరు వస్తున్నాయని కూడా చూశాను. అయినా గీయండి.

“రమణమ్మ కానుక” అనే అక్షరాలు కూడా ఉన్నవి ఉన్నట్లే గీశాను. దాంతో మా ప్రెస్సులో పుస్తకం లోపల పేరు అచ్చయిన మనిషి వదిన ఒక్కతే అయింది. సారు పేరు వెనక అట్ట మీద చిన్నగా ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ వదిన ఆ పేజీ తెరిచి చూపించేది.

చివరి పేజీ గురించి సారు అడగడానికి జంకాడు. నేనే అడిగాను, మెరిసేలా ఉంచుకుందామా అని. ఆయన గుమ్మంలో స్కూటర్ వైపు చూశాడు. దాని సొట్ట ఎన్నడూ తీయించలేదు. “నీతి వద్దులే, నీళ్లు తాగే బొమ్మ పెట్టు” అన్నాడు. మా సారులాంటి పెద్దమనిషి మనసు మార్చుకోవడం చూడాలంటే ఒక జీవితం పడుతుంది. నాకు ఉద్యోగంలో ఉండగానే దొరికింది.

నా చెంబు

పోయిన నెల నాకు ప్రెస్సులో వీడ్కోలు చేశారు. శాలువా కప్పారు. వదిన మెట్లు మెల్లగా దిగి వచ్చి, నిండా సున్నుండలు పెట్టిన కొత్త ఇత్తడి చెంబు చేతిలో పెట్టింది. పొట్ట మీద ఏం కొట్టించిందో మీకు చెప్పనక్కర్లేదు.

చెన్ని కూడా వచ్చింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, సన్నగా పొడుగ్గా అయింది. నా కాళ్లకు దండం పెట్టి, చెంబును అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత సున్నుండలు తీసి పళ్లెంలో పోసింది.

“బొమ్మలత్తా, ఒకసారి తాగినట్లు పట్టుకో.”

పట్టుకున్నాను. నా బొటనవేలు ఆనిన చోట, నా బల్ల మీది తెల్ల రంగుతో చుక్క పెట్టింది. ఏం చేయబోతుందో వదినకు అప్పుడు అర్థమైంది. “కొత్తదే! నిన్ననే కొట్టించినా!” అని అరుస్తూనే ఉంది. చెన్ని గడప దగ్గరికి పోయి రాతికేసి ఒక్కటి కొట్టింది. సారు చెవులు మూసుకుని నవ్వుతున్నాడు.

చెంబు కడిగి, నీళ్లు పోసి తెచ్చి నా చేతికిచ్చింది. వేలు పెట్టి చూశాను. కాస్త కిందికి పడింది, ఆ మాటే అన్నాను.

“నేను ఏసింది గదా, అందుకే కుదర్లేదు” అంది చెన్ని. “ఇంకొకటి నువ్వేసుకో.”

అందరి ముందూ, శాలువా కప్పుకుని, గడప దగ్గర కూర్చుని నా చెంబును రాతికేసి కొట్టాను.